చోటు తప్పిన వల

అన్నా,

ఈరోజు నీ తద్దినం. పొద్దున్నే పక్క ఊరి మస్తాను, సముద్రంలో తన పడవకు దొరికిందని మన వల తెచ్చి వాకిట్లో దించాడు.

మొన్న సాయంత్రం మీ బావ వల వేసి, ఆ చోటు జీపీఎస్ పెట్టెలో గుర్తు పెట్టుకున్నాడు. తెల్లారి మంచులో వెళ్తే అక్కడ ఉత్త నీళ్లే. మస్తానే ఎత్తుకుపోయాడని తేల్చేశాను. నీ చెల్లెల్ని కదా! అప్పట్లో నీ వల పోయినప్పుడూ అతనే తెచ్చిచ్చాడు. "దొంగిలించి, భయపడి తెచ్చినాడు" అన్నావు. దొరికిన వల తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టడం మన ఊరి పద్ధతి. నువ్వు కూర్చోమనలేదు. చివరిదాకా అతనితో మాట్లాడలేదు.

కావలి కాలేజీలో ఫిజిక్స్ చదివే నీ కూతురు కూడా వచ్చింది.

"మొన్న సూర్యుడి నుంచి కణాల గాలి గట్టిగా కొట్టింది అత్తా. భూమి అయస్కాంత శక్తి చాలావరకు పక్కకు నెట్టేసినా, ఆకాశంలో పై పొర అల్లాడిపోయింది. ఉపగ్రహం సిగ్నల్ ఆ పొర దాటి రావడం ఆలస్యమైతే, వల వేసినచోటే ఉన్నా పెట్టె చోటు తప్పు చూపిస్తుంది" అంది.

"ఈ మాటలు మస్తాను నేర్పినాడా?" అన్నాను.

అది నవ్వలేదు. "నాయన వల పోయిన రోజు సంగతి కూడా వెతికి చూసినా అత్తా. ఆ రోజూ ఇదే గాలి. నాయన పెట్టె కూడా చోటు తప్పు చూపించి ఉంటుంది."

మస్తాను ఇంకా నిలబడే ఉన్నాడు. నేను వలంతా తడిమి, మన గుర్తుకు కట్టిన ఎర్రగుడ్డ ముడులు ఒక్కొక్కటీ చూశాను. అన్నీ ఉన్నాయి. దొంగైతే ముందు వాటినే విప్పేసేవాడు.

అప్పుడు కూర్చోమన్నాను. నీ పేరున వండిన అన్నం మొదట అతనికే వడ్డించాను.