నా పటం ముందు భోజనాలు

6 నవంబరు 2025, గురువారం

పాత జనపనార గోదామును నాటకశాలగా మార్చి నడుపుతున్న దేవేంద్ర ఈ ఉదయం వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. గోదాము యజమాని సూర్యారావు దానిని సిమెంటు వ్యాపారికి అద్దెకు ఇవ్వదలచాడట. రాబోయే నాటకం జనానికి నచ్చితే మాత్రం ఆలోచిస్తానన్నాడట.

అది మూతపడితే నేనెక్కడికి పోవాలి? అక్కడ బల్ల దగ్గర కూర్చుని, పెసరట్టు తిని టీ తాగుతూ నాటకం చూడవచ్చు. ఒంటరిగా తింటున్న స్త్రీని "ఎవరూ రాలేదాండీ" అని అడగని చోటు నెల్లిమర్లలో అదొక్కటే. పెళ్లి వద్దనుకుని, కాలేజీలో బోటనీ చెప్పి, నా పెన్షన్ మీద నేను బ్రతుకుతున్నదానికి ఆ మర్యాద చిన్నది కాదు.

9 నవంబరు, ఆదివారం

కొత్త నాటకం ఒక తల్లి పెద్దకర్మ గురించి. ఆఖరి అంకంలో ప్రేక్షకులకే విస్తర్లు వేసి భోజనం వడ్డిస్తారు. ఆలోచన నాకు నచ్చింది. కానీ దండ వేయడానికి ముసలావిడ పటం దొరకడం లేదు. పోయినవారిని ఆటకు పెట్టడమేమిటని కొందరు, బ్రతికున్నవారికి దండేమిటని కొందరు ఇవ్వనన్నారట.

నా రిటైర్‌మెంట్ ఫోటో తీసి ఇచ్చాను. దేవేంద్ర చేతులు జోడించి వద్దన్నాడు. దండ వేస్తే ప్రాణం పోతుందని ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ చదవలేదన్నాను.

13 నవంబరు, గురువారం

అక్కడ వంట చేసే నారాయణమ్మ గరిటె కింద పెట్టేసింది. "బతికున్న మడిసికి దినం వంట నాను వండను. ఏటండీ అమ్మగోరూ, మతిగానీ పోనాదేటి?" అని నన్నే నిలదీసింది. పోయాక ఎలాగూ తినలేను కనుక రుచి ఇప్పుడే చూస్తానన్నాను. నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే గారెలు మెత్తగా ఏస్తాను. మీ పళ్ల సంగతి నాకు తెలీదేటి" అంది.

18 నవంబరు, మంగళవారం

మధ్యాహ్నం కునుకులో ఎవరో నా పేరు పెట్టి ఏడుస్తున్నారు. లేచి చూస్తే వాన.

23 నవంబరు, ఆదివారం, తెల్లవారుజాము

నిన్న హాలు నిండింది. దీపం వెలుగులో, బంతిపూల నడుమ నా ముఖం. దాని ముందు నాకు లేని కూతురు ఏడ్చింది. నాకు లేని తమ్ముడు నా కోపాన్ని తలచుకుని నవ్వాడు. సాంబ్రాణి పొగ అవతల నుంచి నేనే ఇదంతా చూస్తున్నట్టుంది. పక్కవారెవరూ నా వైపు చూడలేదు. నా ముంజేతిని నేనే తాకి చూసుకున్నాను. చల్లగా, మామూలుగానే ఉంది.

విస్తర్లు పడ్డాయి. అన్నం, పప్పు, గారెలు. ఒక్క చెయ్యీ కదలలేదు. మొదటి వరుసలో సూర్యారావు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంతా ఇక్కడితో సరి అనిపించింది. నేను గారె విరిచి తిన్నాను. మెత్తగా ఉంది. ఇంకొకటి వేయమన్నాను. వెనక నుంచి ఎవరో, "ఆవిడే తింతంటే మనకేటయిపోద్దిరా, ఎయ్యండి పప్పు!" అన్నారు. ఆ తరువాత విస్తర్ల సవ్వడి తప్ప మరేమీ వినపడలేదు.

తిని, లేచి, వెళ్లిపోయారు. చప్పట్లు లేవు. వెళ్లొస్తామని ఒక్కరూ అనలేదు. సూర్యారావు కూడా చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. నాటకం ఎవరికీ నచ్చలేదంటూ దేవేంద్ర తెర పక్కన కూలబడ్డాడు. చావింటి నుంచి ఎవరూ చెప్పి వెళ్లరు నాయనా, వాళ్లు నాటకాన్ని నమ్మారు అన్నాను. అతను నా మాట నమ్మలేదు.

24 నవంబరు, సోమవారం

దేవేంద్ర తాళాలు అప్పగించడానికి సూర్యారావు కొట్టుకు వెళ్లాడట. ఆయన కేకలేశాడట. "సావింటికాడ ఎవుడైనా సెప్పి ఎల్తాడేటిరా? తాళాలట్టుకుని ఎల్లు. సిమెంటోడికి ఇంకో సోటు సూపిస్తాను." వచ్చే శనివారం మళ్లీ ఆడమన్నాడట.

26 నవంబరు, బుధవారం

రైతుబజారులో ఎవరో ఒకావిడ నా చేయి పట్టుకుంది. మొన్న నా భోజనం చాలా బాగుందన్నది. మళ్లీ ఎప్పుడు పోతారని అడిగింది.

శనివారం అన్నాను.