ఇఖామా మీద కుంకుమ

11 మార్చి 1983, శుక్రవారం
నాన్న ఇఖామా నిన్న రెన్యూ అయింది. ఇంకో ఏడాది కువైట్‌లో ఉండొచ్చు. నా టెన్త్ ఇక్కడే పూర్తవుతుంది. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టింది.
ఈ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్న మాట జ్యూరిస్‌డిక్షన్. తెలుగులో అధికార పరిధి. ఒక అధికారి మాట ఎంత మేర చెల్లుతుందో అంత. పలకడానికే ఎంతో బాగుంది.

12 మార్చి, మధ్యాహ్నం 2
నాన్న భోజనానికి రాలేదు. కింద కిరాణా కొట్టు మహబూబ్ బాషా అంకుల్ పరుగున వచ్చాడు. రౌండెబౌట్ దగ్గర పోలీసులు ఇఖామా అడిగితే నాన్న జేబులో లేదట. అబ్బాసియా స్టేషన్‌లో కూర్చోబెట్టారట. కాగితం ఇంకా పటం ముందే ఉంది. ఏం గాదులేక్కా, చూపిస్తే ఇడిసిపెడతారు అంటూ అంకుల్ పట్టుకెళ్ళాడు.

సాయంత్రం 5.30
విడిచిపెట్టలేదు. అప్పటికే స్టేషన్‌కి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వచ్చి ఉన్నారట. ఒక బొట్టు కరిగి సీలు మీదికి పాకింది. ఇది దిద్దిన దొంగ కాగితం, ఇండియాకి పంపేస్తాం అన్నారట. నా చేత్తోనే పెట్టానే అంటూ అమ్మ వేళ్ళు కడుక్కుంటూనే ఉంది.
డిపోర్ట్ అనే మాట నాకు తెలుసు. నోట్‌బుక్‌లో రాయను.

13 మార్చి, ఉదయం 7
పొయ్యి వెలిగించలేదు.

ఉదయం 11
నాన్న వచ్చేశాడు. టీ తాగుతూ అంతా చెప్పాడు.
ఇమ్మిగ్రేషన్ వాళ్ళ వ్యాను స్టేషన్ గుమ్మం దాకా వచ్చిందట. స్టేషన్ ఆఫీసరు మాత్రం లేవలేదట. ఇతన్ని నా రిజిస్టర్‌లో రాశాను, విచారణ అయ్యేదాకా ఇతను నా మనిషి అన్నాడట. మా అధికారం దేశమంతా చెల్లుతుంది అన్నారట వాళ్ళు. చెల్లనివ్వండి, ఈ గది తాళంచెవి మాత్రం నాది అన్నాడట.
తర్వాత కాగితం మీది ఎరుపును గోటితో గీకి వాసన చూశాడట. మా ఇంట్లో వంట చేసే రెడ్డెమ్మ నా కొత్త కారుకీ, ఫ్రిజ్‌కీ ఇదే పూస్తుంది అంటూ నవ్వాడట. వాళ్ళ ఆఫీసుకే ఫోన్ చేసి ఇఖామా నంబరు సరిచూడమన్నాడు. సరిపోయింది. ఖలాస్, ఇంటికెళ్ళు అన్నాడు.
అమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఇహ నుంచి నీ దేవుడికి ఫొటోకాపీ పెట్టవే అన్నాడు నాన్న. నేను రెండు కప్పులు టీ తాగాను.

18 మార్చి, శుక్రవారం
అమ్మ ఇఖామా జోలికి పోలేదు. నాన్న చొక్కా జేబుని తిరగేసి, లోపల చిన్న బొట్టు పెట్టింది. అది తన పరిధి.