పంపు స్టవ్‌లో డీజిల్

మిర్యాలగూడ, ఆగస్టు 1989, శుక్రవారం

పొద్దున పంపు స్టవ్ మంట నీలంగా లేదు. పసుపుగా లేచి గిన్నెకు జిడ్డు మసి పట్టించింది. ముసురుకు కట్టెలన్నీ తడిశాయి. అక్క పాప నెల తక్కువగా పుట్టింది; దానికి ఒళ్లు చల్లబడకూడదని డాక్టరమ్మ చెప్పింది. వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టాలంటే మాకు ఆ స్టవ్వే దిక్కు.

బర్నర్‌ను పిన్నుతో పొడిచాను. వాషర్‌కు నూనె రాశాను. మళ్లీ మళ్లీ ఆరిపోయింది. మూత తీసి వాసన చూశాను.

"గిండ్ల డీజిల్ ఉన్నట్టుంది నాయినా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"పుస్తకాలు సదివితే స్టవ్వు తెలుస్తదా బిడ్డా? జర గట్టిగ పంపు కొట్టు," అన్నాడు నాన్న.

"గట్టిగ కొడితే పేల్తది!" అని అమ్మ అరిచింది.

పాప పాదాలు చల్లబడ్డాయని అక్క ఏడ్చేసరికి నాన్నకు గుర్తొచ్చింది. బావి దగ్గరి ఇంజనుకు తెచ్చిన డీజిల్‌ను, డబ్బా కారుతోందని నిన్న కిరోసిన్ క్యానులో పోశాడట.

"మరి ముందుగాల చెప్పద్దా?" అని మళ్లీ నన్నే కసిరాడు.

చెప్పాను కదా. కాన్వెంటులో అంతమంది ముందు ఇంగ్లిషు పద్యాలు అప్పజెప్పినదాన్ని, సొంత ఇంట్లో ఒక్క మాట రెండోసారి అనలేకపోయాను. పాపకు ఏమన్నా అయ్యుంటే...

ఇప్పుడు వెచ్చగా నిద్రపోతోంది. నాన్న వేరే కిరోసిన్ తెచ్చేదాకా పాపను నా ఒంటికి ఆనించుకుని, ఓణీ కప్పుకుని కూర్చున్నాను.