మీటరుకు కట్టిన కవరు

పలాస, 2004, గురువారం

జీడితొక్కల నూనె ట్యాంకు కడగడానికి మనుషులు దిగే ముందు, లోపల ఊపిరాడుతుందో లేదో ఆక్సిజన్ మీటరుతో చూసేది నేను. ఈ వారమంతా ఒకటే అంకె, ఇరవై పాయింట్ తొమ్మిది. బయటా అంతే, ట్యాంకులోనూ అంతే. అంత మంచి గాలి ఆ ట్యాంకులో ఎక్కడిది?

ఇవాళ అనుమానమొచ్చి మీటరు మీద గట్టిగా ఊపిరి వదిలాను. మనం వదిలిన గాలికి అంకె తగ్గాలి. తగ్గలేదు. అప్పుడు కవరు కేసి చూశాను. ఇంట్లో టీవీ రిమోటుకు చుట్టినట్టు, మేస్త్రీ సింహాచలం రోజూ పొద్దున్నే దానికి కొత్త ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తాడు. వారం నుంచీ అది కొలుస్తున్నది కవరులో గాలిని!

"ఇదెందుకు కట్టినావు?" అన్నాను.

"నూనంటితే పాడైపోద్ది గదేటి బావా! ఖరీదైన వస్తువు," అన్నాడు.

కవరు విప్పి, మీటరును తాడుతో ట్యాంకులోకి దించాను. కీచుమని మోగింది. గబుక్కున పైకి లాగి చూస్తే అంకె ఇంకా పదిహేడు దగ్గరే ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. సింహాచలం ఉలిక్కిపడలేదు. మీటరు మోగితే పని ఆపి గంటసేపు ఫ్యాను పెట్టాలని అతనికి తెలుసు. నిజంగా నూనె కోసమే కట్టాడా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఇంకొకటి. సోమవారం బారువ అప్పారావు ట్యాంకులోంచి పైకొచ్చి, "తల తిరుగుతంది బాబూ, కాళ్లు నిలబడ్డం నేదు" అన్నాడు. "పొద్దున్నే తాగొచ్చినావేటి?" అని కసిరి, మళ్లీ లోపలికి దించింది సింహాచలం కాదు. నేను.