జంపఖానా వెనక బీట

మంగళవారం రాత్రి, కాశిబుగ్గ

నిన్న ఈ డైరీలో "తుఫాను పోయింది, గండం గడిచింది" అని రాశాను. తప్పు. నీళ్లు వీధిలోంచి పోయాయి, మా మట్టిగోడలోంచి పోలేదు.

వరద నష్టం రాసుకునే సారు ఈరోజు వస్తాడని తెలిసి ఇల్లంతా కడిగించాను. వెనక గోడకు పడిన బీట కనబడకుండా మా అబ్బాయి నేసిన కొత్త జంపఖానా వేలాడదీశాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన తెలివి ఇది! సారు జంపఖానాను తెగ మెచ్చుకున్నాడు. "ఇల్లు మంచిగనే ఉన్నదమ్మా" అని రాసుకొని పోయాడు. కూలేలా ఉన్న ఇళ్లకే ఇంజనీరు వస్తాడట. కాగితం మీద మాది ఇప్పుడు గట్టి ఇల్లు.

సాయంత్రం కోడలు స్వరూప జంపఖానా ఎత్తి చూసింది. పొద్దున వేలు పట్టని బీటలో ఇప్పుడు రెండు వేళ్లు దూరుతున్నాయి.

"అత్తమ్మా, గిది సారుకు చూపియ్యాలె గదా! ఎందుకు దాచినవ్?"

"పెళ్లిచూపులకు వస్తుండనుకున్న బిడ్డా."

ఆమె నవ్వలేదు. మనవరాలి మంచం ముందుగదిలోకి లాగింది.

మళ్లీ వాన పడుతోంది. వెనక మట్టి రాలినప్పుడల్లా నా పెన్ను ఆగిపోతోంది. తెల్లవారేదాకా ఆ గోడ నిలబడితే చాలు...

పొద్దున్నే స్వరూప ఫోనుతో బీట ఫోటో తీయించాలి, వెడల్పు తెలిసేలా నా వేళ్లు అందులో పెట్టి. ఆ సారు ఆఫీసు తలుపు తీసేసరికి నేను అక్కడుండాలి. సారు మళ్లీ వచ్చేదాకా ఆ గోడకు చేతిరుమాలు కూడా తగిలించకూడదు.