శిఖరం ఎక్కే అల్లుడికి బ్యాండేజీ మూట

చెన్నై, నవంబరు 3

మామగారికి రఘురామ నమస్కారాలు.

ఫోనులో అన్న మాట మీ లెక్కలో మాటే కాదు గనుక కాగితం మీద రాస్తున్నాను. బ్యాంకుకు సెలవు దొరికితే చాలు, నేనూ నా స్నేహితులూ కొండ శిఖరాలు ఎక్కుతున్నాం. మెట్లున్నవి కావు, రాళ్లు పట్టుకొని పాకుతూ ఎక్కేవి. వచ్చే నెల మన రాజపాళయం పడమటి కొండల్లో ఒక శిఖరానికి ఫారెస్టు వారి అనుమతి దొరికింది. మీ సర్జికల్ మిల్లు పేరు వేసిన బ్యానరు ఒకటి ఇప్పిస్తే దాని కొన మీద ఎగరేస్తాం.

"నీ కాళ్ల మీద నువ్వు నిలబడినాక రా, అప్పుడు భార్గవి మాట మాట్లాడుదాము" అని నిరుడు మీరే అన్నారు. ఆ శిఖరం మీద నిలబడి, దిగి, నేరుగా మీ ఇంటికే వచ్చి మీ అమ్మాయిని అడుగుతాను.

మీ మేనల్లుడు
రఘురామ

తా.క. భార్గవికి అప్పుడే చెప్పకండి.


రాజపాళయం, నవంబరు 9

చిరంజీవి రఘురామకు మామ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మొదటిసారి నమ్మలేక. మీ నాన్న నిన్ను బి.కాం. చదివించింది కోతుల్లో కలవడానికా? పైన ఏముంది? గుడి లేదు, కాఫీ కొట్టు లేదు. మళ్లీ దిగిరావడానికి అంత ఎత్తు ఎక్కడమెందుకు? నా కూతుర్ని అడగాలంటే బస్టాండులో టౌను బస్సు ఎక్కు, మా వీధి మొదట్లోనే దింపుతాడు.

బ్యానరు ఇవ్వను. అక్కడ చదివేవి అడవి మేకలు, వాటికి నా సరుకుతో పనిలేదు. నా మిల్లు నేసేది బ్యాండేజీ గుడ్డ. అది ఎక్కేవాళ్లకు కాదు, పడేవాళ్లకు. నువ్వు ఎలాగూ పడతావు గనుక ఒక మూట లారీ పార్సెల్లో పంపుతున్నాను. పడ్డాక వేరే కంపెనీ గుడ్డ కట్టుకున్నావో, గడప తొక్కనివ్వను. మనది కట్టుకొని ఫోటో పంపు.

నీ మేలు కోరే (నీకు తెలియకపోయినా)
వేంకటసుబ్రహ్మణ్య

తా.క. మూట ఎవరికని భార్గవి అడిగింది. బుద్ధి తప్పినవాడికి అన్నాను. "రఘురామ బావకా?" అన్నది వెంటనే. పేరు నేను చెప్పలేదు సుమా.


చెన్నై, నవంబరు 24

మామగారికి నమస్కారాలు.

మేము పడే రకం కాదు. మా క్లబ్బులో ఇంతవరకు ఎవరూ పడలేదు. పొన్‌రాజ్ ఒకసారి జారి కూర్చున్నాడు, అంతే. శిఖరం మీద నిలబడితేనే మనిషి ఎంత చిన్నవాడో తెలుస్తుంది. మిల్లులో కుర్చీకి అతుక్కుపోయినవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

మీ గుడ్డ మాత్రం గొప్పది. మొన్న బండల మీద దాని విలువ తెలిసింది. రెండు చేతులకూ మోచేతి దాకా చుట్టితే సాయంత్రం వరకు సడలలేదు. ఫోటో జతచేశాను.

మీ
రఘురామ

తా.క. ఫోటోలో నేను నోరు తెరిచింది నవ్వడానికి, అరవడానికి కాదు.


రాజపాళయం, డిసెంబరు 1

నిర్భాగ్యుడు రఘురామకు,

రెండు చేతులూనా! ఒకటైనా మిగుల్చుకోవాలన్న జ్ఞానం లేదా? మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక.

మా మేనేజరు మహేశ్వరన్ ఫోటో చూసి, "రెండు చేతులూ పోయినా ఎట్ల నవ్వినాడో చూడండి ముదలాళీ, మన మిల్లు క్యాలెండరుకు ఇదే శరి" అన్నాడు. "చేతులు విరిగినా చెరగని నవ్వు" అని కింద అచ్చు వేయించి, తెన్‌కాశి దాకా ఆసుపత్రులకూ మందుల షాపులకూ పంపేశాం. నీ జన్మకు ఇంతకంటే పెద్ద శిఖరం లేదు.

ఇక భార్గవి సంగతి. మూడు ముళ్లు ఏ చేత్తో వేస్తావు? చోళపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ఎత్తంటే భయం, మేడ మీదికి కూడా రాడు. బంగారంలాంటి పిల్లవాడు. వచ్చే వారం రమ్మన్నాను. ఇది మాత్రం ఒకటే ఏడుపు. "బావకు చేతులు లేకపోతే ఏమి నాయనా, ముళ్లు నేనే వేసుకొంటాను" అన్నది. నీ పిచ్చి దీనికీ అంటుకుంది.

దుఃఖంలో ఉన్న నీ మామ

తా.క. మొన్నటి ఉత్తరం కాలితో రాశావా? చేత్తో రాసినప్పటికంటే అక్షరం బాగుంది.


చెన్నై, డిసెంబరు 4, స్పీడ్ పోస్టు

మామా!

నా చేతులు విరగలేదు! రాయి మీద పట్టు జారకుండా చుట్టుకున్నాను. ఫోను చేస్తే మీరు ఎత్తరు, భార్గవి ఫోనూ మీరే తీసి పెట్టేస్తున్నారు. ఆ అబ్బాయిని రానివ్వకండి. భార్గవి మాట చదివి నేనూ ఏడ్చాను. శిఖరం నా స్నేహితులు ఎక్కుతారు, నేను మానుకున్నాను. శనివారం వచ్చి రెండు చేతులూ మీ ముందు పెడతాను. ఆ మూడు ముళ్లూ నేనే వేస్తాను.

మీ అల్లుడు (ఇప్పటినుంచే రాసుకుంటున్నాను)
రఘురామ

తా.క. క్యాలెండర్లన్నీ వెనక్కి తెప్పించండి.


రాజపాళయం, డిసెంబరు 6

చిరంజీవి అల్లుడికి,

రావద్దు! నీ ఉత్తరం చదివి, చింపి, పొయ్యిలో వేశాను.

క్యాలెండరు గోడకెక్కిన రోజు నుంచి ఆర్డర్లు ఆగడం లేదు, మిల్లు రాత్రి షిఫ్టు కూడా నడుస్తోంది. నిన్న ఎముకల డాక్టరు ఒకాయన వచ్చి, "ఆ పిల్లవాడు ఎట్లుండాడు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వు చేతులూపుకుంటూ ఈ ఊళ్లో దిగితే నా పరువు ఏం కావాలి? ఒక్క ఎముక విరగ్గొట్టుకోవడం కూడా చేతకాని నిన్ను నమ్మి అచ్చు వేయించాను, నాదీ బుద్ధే!

చోళపురం అబ్బాయిని పంపేశాను. ఒంటి మీద ఒక్క గాయం లేదు, వాడివల్ల వ్యాపారానికి ఏం లాభం? తై నెలలో, సంక్రాంతి దాటగానే, నీకూ భార్గవికీ ముహూర్తం పెట్టించాను. డాక్టర్లందరినీ పిలుస్తున్నాను. మోచేతుల దాకా మన గుడ్డ చుట్టుకొని పీటల మీద కూర్చో. వేళ్ల కొసలతో ముళ్లు వేయడం ఈలోగా నేర్చుకో. భార్గవికి నిజం చెప్పాను. కళ్లు తుడుచుకొని నవ్వింది, "బావ ఒక్క ముడి వేసినా చాలు నాయనా, కడమ రెండూ నేను చూసుకొంటాను" అన్నది. చేతులు బాగున్న సంగతి మన ముగ్గురిలోనే ఉండాలి.

నీ మామ, ఇకమీదట రెండు విధాలా
వేంకటసుబ్రహ్మణ్య

తా.క. శిఖరం ఎక్కి దిగిన నీ స్నేహితులను పెళ్లికి పిలువు. ఎవరికైనా కాలు విరిగి ఉంటే ముందు వరుసలో కూర్చోబెడతాను. వచ్చే ఏటి క్యాలెండరుకు ఇంకా ఎవరూ దొరకలేదు.