ఈశాన్యం పల్లం

గురువారం, రాత్రి

అత్తయ్య గదిలో బండలు పరవడం ఇవాళ్టికి పూర్తయింది. ఇల్లంతా తడి సిమెంటు వాసన. నాకు బాగానే ఉంది.

మూడేళ్లుగా ఆ గదిలో ఈశాన్యం మూల కుంగుతుంటే మేం సంతోషించాం! "ఈశాన్యం పల్లమైతే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందే," అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చూపించేది. ఇంత చదువుకుని నేనూ తలూపాను.

సోమవారం మంచం కోడు బండతో సహా లోపలికి దిగబడింది. అప్పుడు పిలిచాం కొండపల్లి నుంచి సుబ్బయ్య మేస్త్రీని. అతను నాలుగు బండలు లేపి, టార్చి వేసి నన్ను చూడమన్నాడు. కింద మట్టే లేదు. పందికొక్కులు తోడేసిన గొయ్యిలో మనిషి పడుకోవచ్చు. ఇన్నాళ్లూ ఆ గోతి మీదే అత్తయ్య పడుకుంది.

"నిలిచింది లక్ష్మి కాదండీ, పందికొక్కులు," అన్నాడు మేస్త్రీ. అత్తయ్య మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

అతను బొరియల్లో గాజుపెంకులు కూరి, గోతినిండా ఇసుక పోసి నీళ్లు కట్టాడు. దిమ్మిసతో కొట్టి గట్టిపరిచాడు. ఇవాళ చివరి బండ వేస్తుంటే అత్తయ్య ఉండబట్టలేక నోరు విప్పింది. "కాస్త ఈశాన్యానికి వాటం ఉంచకూడదూ?"

"ఉంచానండీ మామ్మగారూ. గది కడిగితే నీళ్లు పోవాలిగా!"

బండలు ఆరేదాకా అత్తయ్య పడక హాల్లోనే. హాయిగా గురక పెడుతోంది. నేను మాత్రం వంటిల్లు సర్దుతూ ప్రతి బండనీ మడమతో తట్టి చూశాను. పొయ్యి ముందుది డొల్లగా మోగింది.

అది ఆగ్నేయం. దానికి వాస్తు ఏమంటుందో అత్తయ్యని అడగలేదు. మేస్త్రీకి ఫోన్ చేశాను.